సక్రమంగా పనిచేయుచున్నది

కొబ్బరి తెగుళ్ళ నివారణ ఉపకార్యాలయంలో కంప్యూటరు, అది రాకముందు బ్రహ్మాండంగా పనిచేసింది. వచ్చాకే దానికి జబ్బు చేసింది.

ఇందులో వింతేమీ లేదు. మార్చి నెలాఖరు ఎలా ఉంటుందో సర్కారీ కొలువు చేసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఏడాది పొడవునా కునుకు తీసిన నిధులు ఆ ఆఖరి వారంలో దిగ్గున లేచి కూర్చుని, ‘మమ్మల్ని ఖర్చు పెడతారా, వెనక్కి పొమ్మంటారా?’ అని అడుగుతాయి. వెనక్కి పంపిన ఆఫీసరు చేతకానివాడి కింద జమ. అందుకని ముందు బిల్లు వస్తుంది, తర్వాత రసీదు వస్తుంది, ఆ పైన పనితీరు ధ్రువపత్రం వస్తుంది. వస్తువు మాత్రం తన వీలు చూసుకుని, ఎండలు తగ్గాక తీరిగ్గా వస్తుంది.

ఆ ధ్రువపత్రం మీద సంతకం పెట్టాల్సింది సీనియర్ అసిస్టెంటు హైమావతి. ఆ ఆఫీసులో సామాన్ల బాధ్యత ఆవిడది. సూపరింటెండెంటు భీమశంకరం కాగితం తెచ్చి ఆవిడ బల్ల మీద పెట్టాడు.

“ఇక్కడో సంతకం పడెయ్యండి హైమావతి గారూ.”

‘సదరు కంప్యూటరును క్షుణ్ణంగా పరీక్షించడమైనది. సక్రమంగా పనిచేయుచున్నది’ అని ఉంది అందులో.

“కంప్యూటరేదండీ?” అంది హైమావతి అటూ ఇటూ చూసి.

“వస్తుందమ్మా, ఎక్కడికి పోతుంది?”

“రానిదాన్ని పరీక్షించానని ఎలా రాయనండీ?”

“అయ్యో రామ! పోయినేడాది మందుకొట్టే పంపులకి రాయలేదా? అంతకు ముందు నిచ్చెనలకి రాయలేదా? నిచ్చెనలు ఇంకా రాలేదు. అలాగని ఎవరైనా అడిగారా?”

నిజమే, ఎవరూ అడగలేదు. హైమావతి సంతకం పెట్టింది. ఆ కుర్చీలో ఎవరు కూర్చున్నా అదే చేసేవాళ్ళు, అంతకు ముందు కూర్చున్నవాళ్ళందరూ అదే చేశారు.

తొలకరి పడ్డాక ఓ మంగళవారం నాడు కంప్యూటరు నిజంగానే వచ్చేసింది. ఆఫీసంతా పెళ్ళివారొచ్చినంత హడావిడి. అసిస్టెంట్ డైరెక్టరు సూర్యప్రకాశరాజు గారు, అందరూ ఏడీగారనే పెద్దమనిషి, తన గదిలోంచి బయటికి వచ్చి మరీ చూశారు. తెరకి పసుపు రాశారు, నాలుగు మూలలా కుంకుమ బొట్లు పెట్టారు, బంతిపూల దండ వేశారు. కొబ్బరికాయ కొట్టందే కొత్త వస్తువుని ముట్టుకోకూడదు కదా, పైగా అది కొబ్బరి ఆఫీసాయె. నేల మీద కొడితే గచ్చు మీద మరకలు పడతాయని, కంప్యూటరు పెట్టె మీదే ఓ రాయి పెట్టి, దాని మీద కొట్టారు. కాయ నిండా నీళ్ళున్నాయి. పెట్టెకి గాలాడటానికి పైన చిల్లులున్నాయి. నీళ్ళన్నీ గుడగుడా లోపలికి దిగిపోయాయి.

“చూశారా, తీర్థం తనే తాగేసింది! శుభం!” అన్నాడు భీమశంకరం చేతులు జోడించి.

ఏడీగారు మీట నొక్కారు. లోపల చిటుక్కుమంది. ఏదో కాలిన వాసన వచ్చింది.

“కర్పూరం,” అన్నారు ఏడీగారు గంభీరంగా.

మళ్ళీ నొక్కారు. తెర నల్లగానే ఉంది. మూడోసారి భీమశంకరం నొక్కాడు, తర్వాత గుమాస్తాలందరూ తలా ఓసారి నొక్కారు. ఉలుకూ లేదు, పలుకూ లేదు.

“కొత్త కదండీ, సిగ్గుపడుతుందేమో,” అన్నాడు అటెండరు నూకరాజు.

అందరూ నవ్వి, పంచదార పంచుకుని ఎవరి బల్లకి వాళ్ళు పోయారు. హైమావతికి మాత్రం నవ్వు రాలేదు.

ఎందుకంటే, ఆ కంప్యూటరుకీ ఆవిడ కాపురానికీ ముడి ఉంది. ఆవిడ మొగుడు సోమేశం మాస్టారు ఏజెన్సీలో వేటుకొండ అనే ఊళ్ళో ఆశ్రమ పాఠశాలలో లెక్కలు చెబుతాడు. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆయన కొండ మీద, ఈవిడ కోనసీమలో. ఆయనకి వంట రాదు. హాస్టలు పిల్లలతో కూర్చుని వాళ్ళు తిన్నదే తింటాడు. ఈవిడకి వంట వచ్చు గానీ ఒక్క మనిషికి ఏం వండుకోబుద్ధవుతుంది? పొద్దున వండిందే రాత్రికీ కానిచ్చేస్తుంది. శనివారం సాయంత్రం బస్సెక్కితే ఆదివారానికి కొండ ఎక్కి, ఓ పూట కూర వండి పెట్టి, మళ్ళీ పరుగెత్తుకు రావాలి. రోజూ పొద్దుగూకేసరికి వేడన్నం వడ్డించి, ఆయనకి ఎదురుగా కూర్చుని తనూ తినాలి. హైమావతికి ఈ లోకంలో కావాల్సింది అదొక్కటే.

అదృష్టం ఏమిటంటే, వేటుకొండలో కొబ్బరి తెగుళ్ళ శాఖకి ఓ కేంద్రం ఉంది. ఆ కొండల్లో కొబ్బరిచెట్టన్నది మందుకి కూడా లేదు. ఎవరో పెద్దాయన పటంలో పచ్చరంగు చూసి మురిసిపోయి అక్కడో కేంద్రం పెట్టించాడట. చెట్లు లేవు గనుక తెగుళ్ళు లేవు, తెగుళ్ళు లేవు గనుక ఆ కేంద్రం ఫలితాలు ఎప్పుడూ నూటికి నూరు. కానీ ఆ చలికీ, జ్వరాలకీ భయపడి అక్కడికి ఎవరూ వెళ్ళరు. శాఖలో ఎవరి మీదైనా కోపం వస్తే అక్కడికి వేస్తారు.

దురదృష్టం ఏమిటంటే, ఈవిడ తనంతట తాను అక్కడికి వెళ్తానంటుంది. ఏటా దరఖాస్తు పెడుతుంది. ఏటా పైవాళ్ళు అనుమానంగా చూసి పక్కన పడేస్తారు.

“తమ దరఖాస్తు విషయమై ఉన్నత స్థాయిలో సంశయాలు వ్యక్తమయినవి,” అన్నారు ఏడీగారు ఓసారి. “స్వచ్ఛందంగా వేటుకొండ కోరుకున్న ఉద్యోగి మన శాఖ చరిత్రలో లేరు. దీని వెనక మతలబేమిటి?”

“మా ఆయన అక్కడున్నారండీ.”

“అది సరేనమ్మా. అసలు కారణం ఏమిటి?”

ఈ ఏడు మాత్రం ఆయన మెత్తబడ్డారు. సామాన్లన్నీ పనిచేసే స్థితిలో ఇంకొకరికి అప్పగించేట్టయితే దరఖాస్తు సిఫారసు చేస్తానన్నారు. సామాన్లన్నీ అంటే అందులో కంప్యూటరు కూడా ఉంది.

మర్నాడు హైమావతి ఏడీగారి గదిలోకి వెళ్ళి ఉన్నమాట చెప్పేసింది. “కంప్యూటరు లేవట్లేదండీ. కంపెనీకి రాసేద్దామండీ.”

ఏడీగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆయన అలా తుడుచుకుంటున్నారంటే నిబంధన ఏదో వస్తోందన్నమాట.

“ఈ విషయాన్ని మనం రికార్డుల దృష్ట్యా పరిశీలించవలసి ఉన్నది. సదరు యంత్రం సక్రమంగా పనిచేస్తున్నట్టు మార్చిలోనే ధ్రువీకరించబడినది. ధ్రువీకరించినది తమరు. ఇప్పుడు పనిచేయుట లేదని తమరే రాసిన యెడల, దానికి రెండే అర్థాలు. ఒకటి, అప్పుడు తమరు అబద్ధం రాశారు. రెండు, బాగున్న యంత్రాన్ని తమరు పాడుచేశారు. రెంటికీ ఛార్జి మెమో ఉంటుంది. తమకు ఏది అనుకూలమో సెలవిస్తే, ఆ ప్రకారం ఫైలు నడిపిస్తాను.”

హైమావతి రెండూ వద్దనుకుంది. బయటికి వచ్చి, పెట్టె మీదున్న నంబరు చూసుకుని తనే కంపెనీకి ఫోను చేసింది. చాలాసేపు సన్నాయి వాయించాక ఓ అమ్మాయి పలికింది.

“మీ కంప్లయింటు మీ కంప్యూటర్లోంచే పంపాలి మేడమ్. తెర మీద కుడివైపు కింద ఎర్ర బొమ్మ ఉంటుంది, దాన్ని నొక్కండి.”

“తెర నల్లగా ఉందమ్మా.”

“అయితే ముందు ఆన్ చేసుకోండి మేడమ్.”

“అది ఆన్ అవ్వట్లేదనేనమ్మా నా కంప్లయింటు!”

“అర్థమయింది మేడమ్. ఆన్ అవ్వని కంప్యూటరు నుంచి కంప్లయింటు తీసుకోలేం. ఆన్ అయ్యాక పంపండి, వెంటనే మనిషిని పంపిస్తాం. మా సేవ మీకు నచ్చితే ఒకటి నొక్కండి.”

హైమావతి ఒకటి నొక్కింది. పోనీలే, పిల్ల ఉద్యోగం ఎందుకు పాడుచెయ్యాలి అనుకుంది. ఆవిడ మనసే అంత.

అంతలో పైనుంచి ఉత్తర్వు ఊడిపడింది. ఇక మీదట నివేదికలన్నీ కంప్యూటరు ద్వారా మాత్రమే తయారు కావాలి, చేత్తో రాసినవి చెల్లవు. కొమ్ముపురుగులెన్ని పట్టారు, ఎర్రముక్కు పురుగులెన్ని చంపారు, ఇవన్నీ అచ్చులో రావాలి. ఆఫీసులో అందరికీ కాళ్ళూ చేతులూ ఆడలేదు. ఒక్క భీమశంకరానికి మాత్రం ఆడాయి. అటక మీద మూలపడున్న పాత టైపు మిషను దింపించి, దుమ్ము దులిపించి, కంప్యూటరు వెనకున్న ఇనప బీరువా చాటున పెట్టించాడు.

“హైమావతి గారూ, మీరు టైపు హయ్యరు ప్యాసయ్యారు కదండీ. బీరువా వెనక కూర్చుని కొట్టండి. కాగితం మాత్రం ఇలా ముందునుంచి తీసుకుందాం. కంప్యూటరు ముందునుంచి వచ్చింది కంప్యూటరు కాగితమే కదా!”

“ఇది మోసం కాదటండీ?”

“మోసం ఎలాగవుతుందండీ? మీరే రాశారు కదా, సక్రమంగా పనిచేయుచున్నది అని. రాసినదాన్ని నిజం చేస్తున్నామంతే.”

ఆవిడ బీరువా వెనక కూర్చుంది. ఈ నాలుగు నెలలూ ఎలాగోలా గట్టెక్కితే బదిలీ వస్తుంది, తర్వాత ఎవరి బీరువా వాళ్ళది అనుకుంది.

జాయింట్ డైరెక్టరు గారు తనిఖీకి వచ్చిన రోజున కథ ముదిరింది. జేడీగారు కంప్యూటరు ముందు నిలబడ్డారు. తెర నల్లగా ఉంది. దండ ఎండిపోయి ఉంది. వెనకనుంచి టకటకా చప్పుడొస్తోంది, మధ్యమధ్య గంట మోగుతోంది.

“తెర మీద ఏమీ కనపడదేం?” అన్నారు జేడీగారు.

ఏడీగారికి ముచ్చెమటలు పోశాయి. అయినా నోరు మాత్రం తడబడలేదు. “పొదుపు చర్యల్లో భాగంగా తెరను నియంత్రించడమైనది సార్.”

సరిగ్గా అప్పుడు కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది, లైటు ఆరింది. బీరువా వెనకనుంచి టకటకలు మాత్రం ఆగలేదు. హైమావతి తల వంచుకుని పురుగుల లెక్క కొడుతోంది, ఆవిడకి కరెంటు పోయిన సంగతే తెలియదు. కాసేపటికి నూకరాజు బీరువా సందులోంచి చెయ్యి పెట్టి నివేదిక తీసి, కంప్యూటరు మీదుగా తిప్పి, జేడీగారి చేతికిచ్చాడు.

జేడీగారు నోరు వెళ్ళబెట్టారు.

“కరెంటు లేకుండానా?”

“దీనికి కరెంటు అవసరం లేదు సార్,” అన్నారు ఏడీగారు. అనేశాక ఆయనే ఉలిక్కిపడ్డారు గానీ, అప్పటికే మాట బయటికి పోయింది.

“నేను జిల్లా అంతా తిరుగుతున్నానయ్యా,” అన్నారు జేడీగారు గద్గద స్వరంతో. “ఎక్కడికెళ్ళినా ఒకడు ‘సార్, వైరస్’ అంటాడు, ఒకడు ‘సార్, సర్వర్’ అంటాడు, ఇంకొకడు ‘సార్, కరెంటు లేదు’ అంటాడు. ఇది ఒక్క మాట అనదు. పని మాత్రం చేసుకుపోతోంది. ఇది కదా కంప్యూటరంటే!”

వారం తిరక్కుండా సర్క్యులరు వచ్చింది. దాని పేరు నిర్విద్యుత్ కంప్యూటరీకరణ విధానం. జిల్లాలోని ఉపకార్యాలయాలన్నీ తమ కంప్యూటర్లకు కరెంటు తీగలు తొలగించి, ఈ ఆదర్శ కార్యాలయాన్ని అనుసరించవలెను అని అందులో ఉంది. నిక్షేపంలా పనిచేసే కంప్యూటర్లకి తీగలు పీకేశారు. తీగలు పీకాక పని ఎలా జరుగుతుందో తెలియక ఆయా ఆఫీసుల వాళ్ళు శిక్షణ కోసం ఇక్కడికి బస్సులేసుకుని వచ్చారు. శిక్షణ ఇచ్చేది హైమావతి.

“ముందు తెర మీద దుమ్ము తుడవాలండీ,” అనేది ఆవిడ, ఇంకేం చెప్పాలో తోచక. అందరూ రాసుకునేవారు.

“తర్వాతండీ?” అనేవాళ్ళు.

“తర్వాత బీరువా వెనక్కి వెళ్ళాలండీ.”

వెళ్ళి చూసేవాళ్ళు. టైపు మిషను చూసేవాళ్ళు. ఒకరి మొహాలు ఒకరు చూసుకునేవాళ్ళు. ఒక్కరు కిక్కురుమంటే ఒట్టు. వాళ్ళ ఆఫీసుల్లోనూ మార్చి నెల ఉంది మరి, వాళ్ళూ సంతకాలు పెట్టినవాళ్ళే. గమ్మున వెళ్ళిపోయి, ఎవరి అటకలు వాళ్ళు వెతుక్కున్నారు. అటకల మీద దొరకనివాళ్ళు పాత సామాన్ల కొట్ల చుట్టూ ప్రదక్షిణాలు చేశారు. కంప్యూటరీకరణ పుణ్యమా అని జిల్లాలో టైపు మిషనన్నది కంటికి కనపడకుండా పోయింది.

ఈ సంబరంలో ఉండగానే హైమావతి నెత్తిన పాలు పోసినట్టు ఉత్తర్వు వచ్చింది. వేటుకొండకి బదిలీ! ఎవరో కొత్త పెద్దాఫీసరు చూసుకోకుండా సంతకం పెట్టేసినట్టున్నాడు. ఆవిడ ఆ కాగితాన్ని కళ్ళకద్దుకుని మొగుడికి ఫోను చేసింది. ఆయన సిగ్నలు కోసం బండరాయి ఎక్కి మాట్లాడతాడు.

“నిజంగానేనా హైమా?” అన్నాడాయన.

“నిజంగానేనండీ. కాగితం నా చేతిలోనే ఉంది.”

“అయితే రేపే గదికి సున్నం వేయిస్తాను. గ్యాసు పొయ్యి కూడా తెప్పిస్తాను. నీకింకా ఏం కావాలో చెప్పు.”

“ఇంకేం వద్దండీ. మీరు ఆ రాయి మీదనుంచి జాగ్రత్తగా దిగండి,” అంది హైమావతి. అంటూనే ఏడ్చేసింది.

ఏడీగారు మాత్రం ఉత్తర్వు చూసి కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

“తమరిని విడుదల చేయుట సాధ్యపడదమ్మా. తమరు లేకుండా సదరు యంత్రం నడవదు.”

అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. సాయంత్రానికల్లా ఆవిడ బదిలీ ప్రజాప్రయోజనాల దృష్ట్యా నిలిచిపోయింది. జేడీగారు ఆవిడకి శాలువా కప్పి సన్మానం చేస్తామని కబురంపారు.

ఆ కబురుతో ఆవిడకి ఒళ్ళు మండిపోయింది. ఎన్నడూ గొంతు పెంచని మనిషి సన్మానసభలో అందరి ముందూ మైకు పట్టుకుంది. “అయ్యా, ఆ కంప్యూటరు పనిచెయ్యట్లేదండీ. వచ్చిన రోజునుంచీ పనిచెయ్యలేదండీ. రాకముందే నేను అబద్ధపు సంతకం పెట్టానండీ. కావాలంటే మీరే నొక్కి చూసుకోండి. నాకీ శాలువా వద్దు, నన్ను మా ఆయన దగ్గరికి పంపించేయండి!”

సభలో చప్పట్లు మారుమోగాయి.

“ఎంత వినయం!” అన్నారు జేడీగారు కళ్ళు ఒత్తుకుంటూ. “ఇంత సాధించి కూడా తన గొప్ప ఒప్పుకోవడం లేదు, చూశారా?”

అయినా మైకులో చెప్పింది గనుక దాన్ని ఫిర్యాదుగా భావించి ఓ కమిటీ వేశారు. కమిటీ వారు వచ్చి, ఇడ్లీలు తిని, కంప్యూటరు మీట నొక్కారు. తెర నల్లగా ఉంది. మళ్ళీ నొక్కారు. నల్లగానే ఉంది. అప్పుడు వాళ్ళు సంతృప్తిగా ఇలా రాసుకున్నారు: ‘యంత్రమును పలుమార్లు పరీక్షించడమైనది. ధ్రువీకరించబడిన నాటి పనితీరునకూ నేటి పనితీరునకూ ఎట్టి వ్యత్యాసమూ లేదు. కావున సక్రమంగా పనిచేయుచున్నది.’

హైమావతి ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. అవతల గ్యాసు పొయ్యి వచ్చేసిందట, సున్నం ఆరిపోయిందట. ఆలోచించగా ఆలోచించగా ఆవిడకి ఒకే దారి తోచింది. ఆ యంత్రం తను లేకుండా నడవదనే కదా వీళ్ళ బాధ? దాన్ని నిజంగానే నడిపించేస్తే? కంప్యూటరు కంప్యూటరులా పనిచేస్తే బీరువా వెనక మనిషి అక్కర్లేదు. మీట నొక్కడం వచ్చిన ప్రతివాడూ దాన్ని నడపొచ్చు. ఇక తనతో పనేముంటుంది?

బజారులో కంప్యూటర్లు బాగుచేసే గాబ్రియేలుని పట్టుకుని, మధ్యాహ్నం అందరూ భోజనాలకి పోయిన వేళ చూసి ఆఫీసుకి తీసుకొచ్చింది. అతను పెట్టె విప్పి లోపలికి చూసి, ఆవిడ వంక చూశాడు.

“ఇందులోకి చీమలెలా వచ్చాయండీ?”

“పూజ చేశామయ్యా.”

“కరెంటు పెట్టె కాలిపోయిందండీ, ఇంకేవో రెండు మూడు ముక్కలు కూడా పోయాయి. మార్చెయ్యాలండీ.”

“మార్చెయ్ నాయనా. డబ్బులు నేనిచ్చుకుంటాను.”

గాబ్రియేలు మార్చాల్సినవి మార్చి, చీమలు దులిపి వెళ్ళిపోయాడు. ఉద్యోగులంతా భోజనాలు ముగించి, వక్కపొడి నములుతూ కుర్చీల్లో సర్దుకున్నాక హైమావతి అందరి ముందూ వెళ్ళి మీట నొక్కింది.

పెట్టెలోంచి బుయ్‌మని చప్పుడొచ్చింది. ఎర్రదీపం వెలిగింది, పచ్చదీపం వెలిగింది. తెర భగ్గున నీలంగా వెలిగిపోయింది. సన్నగా ఏదో పాట కూడా వినిపించింది.

“అయిబాబోయ్! అయిపోయింది! పేలిపోద్ది!” అని కేకేశాడు నూకరాజు. గుమాస్తాలు కుర్చీలు తన్నేసుకుని వరండాలోకి పరుగెత్తారు. భీమశంకరం గోడకున్న మెయిను స్విచ్చి కట్టేసేదాకా ఊపిరి పీల్చుకోలేదు. తెర మళ్ళీ నల్లబడ్డాక గానీ ఆఫీసు కుదుటపడలేదు.

ఏడీగారు గదిలోంచి వచ్చారు. ఆయన మొహం పాలిపోయి ఉంది.

“ఎవరు చేశారీ పని?”

“నేనేనండీ,” అంది హైమావతి ఉత్సాహంగా. “బాగుచేయించేశానండీ. ఇక ఎవరైనా నడపొచ్చండీ!”

“బాగుచేయించారా?” అన్నారు ఏడీగారు. “రాష్ట్రానికే ఆదర్శంగా నిలవబోతున్న యంత్రం! కరెంటు అవసరం లేనిదాన్ని కరెంటు తాగేదాన్ని చేశారే! కదలకుండా మెదలకుండా పనిచేసేదానికి దీపాలు తెప్పించారే! రేపు జేడీగారు వస్తే ఏం చూపించమంటారు? అసలు పనిచేస్తున్న వస్తువుని బాగుచేయించే అధికారం తమకు ఎవరిచ్చారు?”

“పనిచెయ్యట్లేదు కదండీ...”

“రెండు ధ్రువపత్రాలూ, ఓ సర్క్యులరూ ఉన్నాయమ్మా!”

సాయంత్రానికి ఛార్జి మెమో తయారైంది. కంప్యూటరు పనికిరాకుండా పోయింది గనుక అది కూడా టైపు మిషను మీదే తయారైంది. ఆవిడ ఆరోపణ పత్రాన్ని ఆవిడ చేతే కొట్టించారు, ఆఫీసులో టైపు వచ్చింది ఆవిడకే. ‘సక్రమంగా పనిచేయుచున్న ప్రభుత్వ యంత్రమును బుద్ధిపూర్వకంగా ప్రారంభింపజేసినందులకు’ అని ఉంది అందులో. హైమావతి ఒక్క తప్పు లేకుండా కొట్టింది. సంజాయిషీలో, నేనే చేశాను, పూర్తిగా నాదే తప్పు అని రాసిచ్చింది. ఏడీగారు జేడీగారితో ఫోనులో చాలాసేపు మాట్లాడి, మర్నాడు పొద్దున్నే ఆవిడని పిలిపించారు.

“ఇటువంటి శిక్ష విధించడం నాకు బాధాకరం. పైవారు కఠినంగా ఉన్నారు. యంత్రమే చెడిపోయిన పిమ్మట తమరిని ఇక్కడ ఉంచవలసిన అవసరమూ లేదన్నారు. తమరిని తక్షణమే వేటుకొండకు బదిలీ చేయడమైనది.”

హైమావతికి కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. నోటికి చెంగు అడ్డం పెట్టుకుని గది బయటికి వచ్చేసింది. అక్కడే వచ్చింది చిక్కు. ఆ కన్నీళ్ళు ఆఫీసంతా చూసేసింది.

“పాపం, ఆడకూతురు!” అన్నారొకరు.

“ఏదో తెలియక చేసిందండీ. దానికి వేటుకొండా? మరీ అన్యాయం!” అన్నారింకొకరు.

“ఉండండమ్మా, నేనున్నాను కదా,” అన్నాడు భీమశంకరం, గుండె మీద చెయ్యేసుకుని. “అందరం కలిసి సార్‌ని బతిమాలుకుంటాం. ఆయనది వెన్నలాంటి మనసు. మధ్యాహ్నానికల్లా రద్దు చేయించేస్తాను. మీరు దిగులు పెట్టుకోకండి.”

“వద్దండీ! మీకు పుణ్యముంటుందండీ, వద్దండీ!” అంది హైమావతి కంగారుగా.

“చూశారా, ఎంత అభిమానం గల మనిషో! మనల్ని ఇబ్బంది పెట్టకూడదనుకుంటోంది,” అన్నాడు భీమశంకరం. అతని కళ్ళు కూడా చెమర్చాయి. పక్క బల్ల గుమాస్తా, నూకరాజు తప్ప మిగతా అందరూ మూకుమ్మడిగా ఏడీగారి గదిలోకి దూరారు.

హైమావతి ఇక నిలబడలేదు. తాళంచెవుల గుత్తి తీసి పక్క బల్ల గుమాస్తా చేతిలో పెట్టింది. ‘అన్నీ సక్రమంగా పనిచేయుచున్నవి’ అని కాగితం మీద గబగబా రాసి సంతకం పెట్టించుకుంది. నూకరాజు చేత ఆటో పిలిపించి, ఇంటికెళ్ళి చేతికందిన బట్టలూ, పోపులపెట్టే, చింతకాయ పచ్చడి జాడీ సర్దుకుని బస్టాండుకి పరుగెత్తింది. తన మీద ఇంతమందికి ఇంత జాలి ఉందని ఆవిడకి ఇన్నాళ్ళూ తెలియదు. తెలిశాక ఒళ్ళు జలదరించింది.

ఏజెన్సీ బస్సు బయలుదేరబోతోంది. ఎక్కి కిటికీ పక్కన కూర్చుని, జాడీ ఒళ్ళో పెట్టుకుని, అమ్మయ్య అనుకుంది. బస్సు కదిలి మలుపు తిరగబోతుండగా వెనక స్కూటరు హారను మోగింది. భీమశంకరం! వెనక సీటు మీద నూకరాజు లేచి నిలబడి, గాలికి రెపరెపలాడే కాగితం ఊపుతున్నాడు.

“అమ్మగారండీ! ఆగండి! రద్దయిపోయిందండీ! మానవతా దృక్పథంతో రద్దు చేసేశారండీ! మిమ్మల్ని కాపాడేశామండీ!”

బస్సులో అందరూ తలలు తిప్పి చూశారు. కండక్టరు ఈల నోట్లో పెట్టుకుని ఆవిడ వైపు వంగాడు.

“మిమ్మల్నేనేమోనండీ, పిలుస్తున్నారు. ఏదో కాపాడేశాం అంటున్నారండీ. ఆపమంటారా?”

హైమావతి జాడీని రెండు చేతులా గట్టిగా పట్టుకుంది.

“ఆపకు నాయనా, నీకు దణ్ణం పెడతాను,” అంది. “శిక్షకి పోతున్నాను. ఆలస్యమైతే మళ్ళీ దొరకదు.”